పేరులో కీర్తి, ఒళ్ళో చెయ్యి: వీరకావ్యాల్లో ఏడుపు గురించి

(సభకి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసింది. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? మైకు కొంచెం దగ్గర పెట్టుకుంటాను. ఆఁ, ఇప్పుడు?

సరే. ప్రాచీన వీరకావ్యాల్లో చనిపోయిన వీరుల గురించి మాట్లాడమన్నారు కాబట్టి నేను క్రౌంచ పక్షి దగ్గర మొదలెడతానని మీలో సగం మంది అనుకునే ఉంటారు. శోకమే శ్లోకమైంది, బోయవాడు బాణం వేశాడు, వాల్మీకి నోట్లోంచి పద్యం వచ్చేసింది... అది చిన్న విషయమేమీ కాదు, మన మొదటి పద్యం ఏడుపులోంచి పుట్టిందని మనమే చెప్పుకుంటాం, కానీ ప్రతి సభలోనూ విన్నదే కదా. ఒకసారి దణ్ణం పెట్టుకుని పక్కన పెడదాం. నేను ఒక చెయ్యి దగ్గర మొదలెడతాను.

తెగిపోయిన చెయ్యి. భారతంలో భూరిశ్రవసుడని ఒకాయన ఉన్నాడు, కౌరవుల వైపు. పధ్నాలుగో రోజు యుద్ధంలో సాత్యకిని కిందపడేసి, జుట్టు పట్టుకుని, కత్తెత్తి తల నరకబోతున్నాడు. అటు నుంచి అర్జునుడు బాణం వేశాడు. కత్తితో సహా కుడిచెయ్యి తెగి పడిపోయింది. ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో మూడోవాడు వెయ్యడం ఏం ధర్మమయ్యా అని అర్జునుణ్ణి నాలుగు మాటలని, ఎడంచేత్తో బాణాలు పరుచుకుని, ఆయుధం వదిలేసి, ఇంక ప్రాణం విడుద్దామని ధ్యానంలో కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడి తల, చుట్టూ ఉన్నవాళ్ళు వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా, సాత్యకి లేచి నరికేశాడు. ఇదీ కథ.

యుద్ధం అయిపోయాక స్త్రీపర్వంలో ఆ చెయ్యి మళ్ళీ వస్తుంది. ఆయన భార్య దాన్ని వెతికి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. పెట్టుకుని ఏమంది? శత్రువుల్ని చంపిన చెయ్యి ఇది అంది, స్నేహితులకి అభయమిచ్చిన చెయ్యి, వేల గోవుల్ని దానమిచ్చిన చెయ్యి అంది. ఇవన్నీ అందరూ అనేవే. వాటి పక్కనే ఇంకో మాట కూడా అంది. నా మొలనూలు లాగిన చెయ్యి ఇదే, నా పోకముడి విప్పిన చెయ్యి ఇదే అని. యుద్ధభూమిలో, మావగారి వరస వాళ్ళు, కృష్ణుడు, అందరూ ఉన్నచోట. కొంచెం ఇబ్బందిగా లేదూ వినడానికి? మన ఆలంకారికులకి, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళకి కూడా ఈ శ్లోకం పెద్ద చర్చే. ఆనందవర్ధనుడు చెప్పాడు, తర్వాత మమ్మటుడు చెప్పాడు, ఇక్కడ శృంగారం కరుణకి అంగమైపోయింది, దాన్ని చెడగొట్టదు, ఇంకా పెంచుతుంది అని. వాళ్ళు చెప్పింది కరెక్టే. నాకు ఆ చర్చ కన్నా ఆయన పేరు మీద ఆసక్తి.

భూరిశ్రవసుడు. భూరి అంటే బోలెడు. శ్రవస్సు అంటే కీర్తి, కానీ మూలంలో వినడం, మన శ్రవణం ఉంది చూడండి, అదే. జనం నోట వినబడేది కీర్తి. బోలెడంత వినబడేవాడు అని అమ్మానాన్నలు పేరు పెట్టుకుంటే చివరికి పెళ్ళాం ఒళ్ళోకొచ్చింది ఒక చెయ్యి.

ఇప్పుడు సముద్రాలు దాటి గ్రీకుల దగ్గరికెళ్దాం. ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం గురించి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్‌లో కీర్తికి వాడే మాట క్లెయోస్. దానర్థం కూడా వినబడేదే, అదే ధాతువు, మన శ్రవస్సూ వాళ్ళ క్లెయోసూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. తొమ్మిదో సర్గలో గ్రీకుల మహావీరుడు అకిలీస్ అంటాడు, ఇక్కడే ఉండి యుద్ధం చేస్తే ఇంటికి తిరిగెళ్ళను గానీ నాకు క్లెయోస్ అఫ్తితోన్ ఉంటుంది, చావని కీర్తి. ఋగ్వేదంలో అక్షితమైన శ్రవస్సు అనే మాట ఉంది, క్షీణించని కీర్తి. రెండు భాషల్లోనూ రెండు ముక్కలూ ఒకే మూలం నుంచి వచ్చినవి. 1853లో అడాల్బర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. అంటే చచ్చినా పేరు నిలబడుతుందిరా అని కుర్రాళ్ళకి చెప్పి యుద్ధానికి పంపడం ఎంత పాతదో చూడండి, మనమూ వాళ్ళూ విడిపోక ముందు నుంచీ ఉన్నట్టుంది.

ఇంకోటి చెప్తాను, సరదాగా ఉంటుంది. సరదా అంటే... ఏడుపు సబ్జెక్టులో ఉన్నంత సరదా. అకిలీస్ ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్. ఆ పేరులో చివర ఉన్న క్లస్, అదీ క్లెయోసే. తండ్రికి కీర్తి అని అర్థం. భూరిశ్రవసుడికీ పాట్రోక్లస్‌కీ పేరులో ఒకటే ముక్క! ఇద్దరూ ముందు దెబ్బతిని నిస్సహాయులయ్యాక వేరేవాడి చేతిలో పోయినవాళ్ళే. పాట్రోక్లస్‌ని వెనక నుంచి దేవుడు అపోలో కొట్టాడు, ఒక కుర్రాడు ఈటె దించాడు, ఆ తర్వాత ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ వచ్చి పని పూర్తి చేశాడు. ఈ పోలిక ఎవరో కావాలని పెట్టారని నేననను, నాకు చదువుతుంటే తగిలింది, అంతే.

అయితే పేరులో కీర్తి ఉన్నవాడు పోయినప్పుడు కావ్యం అతనికి ఏం చేస్తుంది? రెండు పనులు చేస్తుంది, ఒకటి పెద్దగా చేస్తుంది, అందరికీ కనబడేలా. ఇంకోటి చాలా చిన్న గొంతుతో చేస్తుంది. నా దృష్టిలో ఆ చిన్నదే అసలు గౌరవం, పెద్దది పనిచెయ్యదని కావ్యమే చూపిస్తుంది. ఎలాగో చూద్దాం.

పెద్దది ముందు. పాట్రోక్లస్ పోయాడని తెలియగానే అకిలీస్ బూడిద రెండు చేతులా తీసి తల మీద పోసుకున్నాడు, మట్టిలో పడి దొర్లాడు, జుట్టు పీక్కున్నాడు. అంత పెద్ద వీరుడు. ఇది తర్వాతి కాలంలో తత్వవేత్త ప్లేటోకి అస్సలు నచ్చలేదు, తన రిపబ్లిక్ పుస్తకం మూడో భాగంలో ఈ సీన్లన్నీ కొట్టెయ్యమంటాడు, గొప్పవాళ్ళు ఇలా ఏడిస్తే కుర్రాళ్ళు చెడిపోతారట. సరే ఆయన గొడవ ఆయనది. ఇరవై మూడో సర్గలో అంత్యక్రియలు. చితి ఎంతది? అటు వంద అడుగులు ఇటు వంద అడుగులు. గొర్రెలు, ఎద్దులు, నాలుగు గుర్రాలు, పాట్రోక్లస్ పెంచుకున్న తొమ్మిది కుక్కల్లో రెండు, అన్నీ చితి మీదకే. అకిలీస్ తన జుట్టు కోసి చేతిలో పెట్టాడు. ఆ జుట్టు ఊరికే పెంచింది కాదు, కొడుకు క్షేమంగా ఇంటికొస్తే నీకిస్తామని తండ్రి తమ దేశపు నదికి మొక్కుకున్న జుట్టు. ఇంక నేను తిరిగెళ్ళేది లేదు కదా అని స్నేహితుడికిచ్చేశాడు. ఇక్కడిదాకా మనసు కరుగుతుంది. ఆ తర్వాత పన్నెండు మంది ట్రాయ్ కుర్రాళ్ళని, బతికున్నవాళ్ళని, కోసి అదే చితిలో వేశాడు. కవి అక్కడ చెడ్డ పనులు తలపెట్టాడు అనే మాట వాడతాడు. ఒక్క ముక్క. ముందుకెళ్ళిపోతాడు.

ఆ తర్వాత ఆటల పోటీలు. ఆ సర్గలో సగానికి పైగా పోటీలే, నమ్మండి. రథాల పందెం, గుద్దులాట, కుస్తీ, పరుగుపందెం, ఈటెలు విసరడం. రథాల పందెంలో ఒక కుర్రాడు అడ్డంగా తోలి రెండో స్థానం కొట్టేశాడని పెద్ద తగువు. పరుగుపందెంలో చిన్న అజాక్స్ ముందు పరిగెడుతూ కాలుజారి పడ్డాడు, ఎందులో పడ్డాడో తెలుసా? పేడలో. ఏ పేడ? పాట్రోక్లస్ కోసం కోసిన ఎద్దుల పేడ. నోటి నిండా ముక్కు నిండా పేడతో లేచి, దేవత నా కాళ్ళకడ్డం పడింది అని ఉమ్ముతూ చెప్తుంటే జనమంతా పగలబడి నవ్వారు. చావింట్లో నవ్వొచ్చే ఘట్టం పెట్టాలంటే ఎంత ధైర్యం కావాలి చెప్పండి, కానీ చావిళ్ళల్లో నిజంగా అలాగే జరుగుతుంది కదా, ఎవడో ఏదో అంటాడు, నవ్వాపుకోలేరు, మళ్ళీ ఏడుస్తారు.

మరి ఇంత చేశాక అకిలీస్ శాంతించాడా? లేదు. తర్వాతి సర్గ మొదట్లోనే అందరూ తిని పడుకుంటే ఇతనొక్కడూ పక్క మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు, లేచి సముద్రం ఒడ్డున తిరుగుతున్నాడు, తెల్లారగానే తను చంపిన హెక్టర్ శవాన్ని రథానికి కట్టి పాట్రోక్లస్ సమాధి చుట్టూ మూడుసార్లు ఈడ్చుకొచ్చాడు. వంద అడుగుల చితి, పన్నెండు ప్రాణాలు, అన్ని బహుమతులు, దేనికీ ఉపయోగం లేదు. నేను పనిచెయ్యదన్నది ఇందుకే.

చిన్న గొంతు

ఇప్పుడు ఆ రెండోది. ఇలియడ్‌లో పేరు చెప్పి చంపినవాళ్ళు రెండొందల మందికి పైనే ఉంటారు. చాలామంది కథలోకి వచ్చేదే చావడానికి, ముందూ లేదు వెనకా లేదు. ఇంకో కవి అయితే ఫలానావాడు ఇరవై మందిని నరికాడు అని ఒక లైనులో ముగించేవాడు. హోమర్ ఏం చేస్తాడంటే, ఈటె దిగే ముందో దిగాకో ఒక్క క్షణం ఆగి, వీడెవడో చెప్తాడు. సిమొయీసియస్ అని ఒక పెళ్ళికాని కుర్రాడు. వాళ్ళమ్మ తల్లిదండ్రులతో గొర్రెల్ని చూసుకోడానికి కొండ మీదకెళ్ళి దిగివస్తుంటే సిమొయిస్ నది ఒడ్డున పుట్టాడు, అందుకే ఆ పేరు. అమ్మానాన్నల రుణం తీర్చుకోలేకపోయాడు అంటాడు. పడిపోవడం ఎలా పడ్డాడు? నది పక్కన పోతపోసినట్టు పెరిగిన చెట్టుని రథాల పనివాడు చక్రం కోసం కొట్టేస్తే ఆ మొద్దు ఒడ్డున పడి ఎండుతూ ఉన్నట్టు. నది ఒడ్డున పుట్టాడు, నది ఒడ్డున చెట్టులా పడున్నాడు. మొత్తం కలిపి పదిహేను పదహారు లైన్లు, ఒక జీవితం.

ఇంకొకడు ఆక్సిలస్. డబ్బున్నవాడు, ఇల్లు దారి పక్కనే ఉండేది, దారినపోయే ప్రతివాడినీ లోపలికి పిలిచి అన్నం పెట్టేవాడు. అందరికీ ఇష్టుడు. కవి చెప్పి వెంటనే ఏమంటాడంటే, ఆ తిన్నవాళ్ళలో ఒక్కడూ ఆ రోజు ముందుకొచ్చి అడ్డం నిలబడలేదు. అంతే. తర్వాతి చావుకి వెళ్ళిపోతాడు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ ఇంటి తలుపు అలా తెరిచే ఉంటుంది కదా ఇంకా, వీడు పోయాడని తెలియక ఎవడో దారినపోయేవాడు ఆ పూట కూడా లోపలికొస్తాడు కదా అని. అది కవి చెప్పలేదు, నేను అనుకున్నాను.

గమనించారా, వీడు ఇంతమందిని చంపాడు, ఇంత బలశాలి అని చెప్పట్లేదు. వీడు లేకపోవడం వల్ల ఎక్కడ ఏ పని ఆగిపోయిందో చెప్తున్నాడు. యుద్ధభూమిలో నిలబడి ఇంటివైపు చూపిస్తున్నాడు.

హెక్టర్ విషయంలో అయితే ఇంటి లోపలికే తీసుకెళ్తాడు. హెక్టర్‌ని చంపేశారు, రథానికి కట్టి ఈడుస్తున్నారు, కోట గోడ మీద తల్లిదండ్రులు చూసి గుండెలు బాదుకుంటున్నారు. ఆ టైములో భార్య ఆండ్రోమాకి ఇంట్లో మగ్గం మీద గుడ్డ నేస్తోంది, ఊదారంగు గుడ్డ, మీద పువ్వుల డిజైను. ఆవిడకి తెలీదు. తెలీక ఏం చేసింది? పెద్ద కాగు పొయ్యి మీద పెట్టండర్రా, ఆయన యుద్ధం నుంచి వచ్చేసరికి వేణ్ణీళ్ళు కాగి ఉండాలి అని పనివాళ్ళకి చెప్పింది. అప్పుడు గోడ వైపు నుంచి అరుపు వినబడింది. చేతిలో నాడె కింద పడిపోయింది. పరిగెత్తుకుంటూ వెళ్ళింది, చూసింది, కుప్పకూలింది. నీళ్ళ సంగతి మళ్ళీ కవి ఎత్తడు. ఎత్తక్కర్లేదు. అవి కాగుతూనే ఉంటాయి.

ఆ తర్వాత ఆవిడంటుంది, నీ బట్టలు ఇంట్లో ఉన్నాయి, సన్నటివి, ఆడవాళ్ళ చేతుల్లో నేసినవి, అన్నీ కాల్చేస్తాను, నువ్వు వాటిల్లో పడుకునేది లేదు కదా అని.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక విషయం ఉంది. ఆఖరి సర్గలో హెక్టర్ శవం ఇంటికొచ్చాక ఏడుపు పాటగాళ్ళని పిలిచారు. వృత్తిగా పాడేవాళ్ళు, శవం పక్కన నిలబడి శోకగీతం మొదలెట్టేవాళ్ళు. గ్రీకులో దాన్ని థ్రేనోస్ అంటారు. ఇంటి ఆడవాళ్ళు సొంతంగా మాటలు కట్టుకుని ఏడ్చేదాన్ని గోఓస్ అంటారు. ఇప్పుడు చూడండి, కవి కూడా పాటగాడే కదా? తన వృత్తివాళ్ళు వచ్చి పాడుతుంటే వాళ్ళ పాట వినిపించాలి కదా మనకి? ఒక్క ముక్క వినిపించడు. పాడారు అని చెప్పి వదిలేస్తాడు. ముగ్గురు ఆడవాళ్ళు ఏడ్చింది మాత్రం మాట పొల్లుపోకుండా చెప్తాడు. తన కులవృత్తి కన్నా వాళ్ళ ఏడుపే గొప్పదని తనే ఒప్పుకున్నట్టు లేదూ?

ఆ ముగ్గురిలో ఆండ్రోమాకి ఏమందంటే, నువ్వు మంచం మీద పోతూ నాకు చెయ్యి చాపలేదు, రాత్రీ పగలూ తలుచుకుని ఏడ్చుకోడానికి నాకంటూ ఒక్క మాటైనా చెప్పి పోలేదు. అంటే ఏడవడానికి కూడా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా, అది కూడా ఇవ్వలేదు అని. తర్వాత తల్లి. మూడోది హెలెన్. అసలు ఈ యుద్ధం ఎవరి వల్ల వచ్చిందో ఆవిడ. ఆవిడంది, నేనొచ్చి ఇరవయ్యేళ్ళు, ఈ ఇంట్లో బావలు మరుదులు తోడికోడళ్ళు అత్తగారు అందరూ ఏదో ఒకటి అన్నారు, నువ్వు మాత్రం ఒక్క పరుషమైన మాట అనలేదు, ఎవరైనా అంటుంటే ఆపేవాడివి. హెక్టర్ చేసిన యుద్ధాలు ఇన్ని ఉంటే ఆవిడకి గుర్తున్నది అది. ఇలియడ్ ఎక్కడ ఆగిపోతుందో తెలుసు కదా మీకు? ట్రాయ్ పడిపోవడం దగ్గర కాదు, అకిలీస్ చావు దగ్గరా కాదు, చెక్క గుర్రం అసలు అందులో లేనే లేదు. హెక్టర్ దహనం దగ్గర ఆగిపోతుంది. శత్రువు దహనం! గ్రీకు కవి, గ్రీకు శ్రోతలు, చివరి కన్నీరు అవతలివాడికి.

మన దగ్గరా ఇది ఉంది. రావణుడు పోయాక మండోదరి ఏడ్చింది ఎంత పొడుగు ఉంటుందో చూడండి. ఒకప్పుడు ఇంద్రియాల్ని జయించి తపస్సు చేశావు, ఆ పగ గుర్తుపెట్టుకుని అవే ఇప్పుడు నిన్ను ఓడించాయి అంటుంది. పెళ్ళాం కాబట్టి అనగలిగింది. విభీషణుడు దహనానికి వెనకాడితే రాముడు మరణాంతాని వైరాణి అన్నాడు, చావుతో పగ సరి, ఇప్పుడతను నీకెంతో నాకూ అంతే. ఈ ముక్క అందరికీ నోటికొచ్చు కాబట్టి నేనింక సాగదీయను.

ఎవరి ఏడుపు ఎవరి కోసం

మెసొపొటేమియా వాళ్ళ కావ్యం, గిల్గమేష్ అనే రాజు కథ, దాని గురించి చెప్పకుండా పోతే తప్పవుతుంది, ఇవన్నిటికన్నా పాతది అది, మట్టి పలకల మీద రాసింది. స్నేహితుడు ఎంకిడు జబ్బుచేసి పోయాడు. యుద్ధంలో పోలేదు, మంచం మీద పోయాడు, అదే పెద్ద అవమానంగా ఎంకిడుయే బాధపడతాడు. గిల్గమేష్ అతని ముఖాన్ని పెళ్ళికూతురి ముఖంలా కప్పాడు. పిల్లలు పోయిన ఆడసింహంలా అటూ ఇటూ తిరిగాడు. ఆరు పగళ్ళు ఏడు రాత్రులు పూడ్చనివ్వలేదు, ఏడిస్తే లేస్తాడేమోనని. ముక్కులోంచి పురుగు రాలాక అప్పుడు వదిలాడు. ఆ పురుగు గురించి కావ్యంలో రాయడం చూడండి, ఎవడో నిజంగా శవం పక్కన కూర్చున్నవాడే రాయగలడు.

ఎవరెవర్ని ఏడవమన్నాడో ఆ లిస్టు ఉంటుంది ఎనిమిదో పలకలో. మనం కలిసి నడిచిన అడవి దారులు ఏడవాలి, కొండలు, ఎలుగుబంటి, హైనా, చిరుతపులి, యూఫ్రటీస్ నది ఏడవాలి. దాన్నుంచి మనుషుల్లోకి వస్తాడు. పొలం దున్నేవాడు ఏడవాలి, నీ నోటికి పాలూ వెన్నా అందించిన గొర్రెలకాపరి ఏడవాలి. అడవిలో జంతువులా తిరిగిన ఎంకిడుకి తిండీ తాగుడూ అలవాటు చేసింది ఇలాంటి వాళ్ళే. ఆ చేతులన్నిటినీ పేరుపేరునా పిలిచాడు. మళ్ళీ ఇక్కడా చేతులే. ఆ తర్వాత కంసాలుల్ని పిలిచి బొమ్మ చేయించాడు, అది వంద అడుగుల చితి బాపతు. ఆ వివరాలున్న చోట పలక చాలావరకు విరిగిపోయింది. విగ్రహం పోయింది, వెన్న మిగిలింది.

ఇంకో సంగతి. పాట్రోక్లస్ శవం మీద పడి ఏడ్చేవాళ్ళలో బ్రిసేయిస్ ఉంటుంది. అకిలీస్ యుద్ధంలో పట్టుకొచ్చిన దాసి. ఆవిడ మొగుణ్ణి చంపిందే అకిలీస్. నువ్వొక్కడివే నన్ను ఏడవనివ్వలేదు, ఎప్పుడూ మెత్తగా ఉండేవాడివి అని ఏడుస్తుంది. చుట్టూ మిగతా దాసీలు కూడా గొల్లుమన్నారు. అక్కడ కవి అన్న మాట వినండి. పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి బాధకి వాళ్ళు. ఎవరి చావుకో వెళ్ళి మన చావులన్నీ తలుచుకుని ఏడుస్తాం చూడండి, అదే. ఆ ఆడవాళ్ళకి తమవాళ్ళ కోసం ఏడ్చే హక్కు లేదు అక్కడ, యజమాని స్నేహితుడు పోయాడు కాబట్టి ఆ చాటున ఏడ్చుకోవాలి.

భారతంలో గాంధారి పక్కన నిలబడితే ఈ మాట ఇంకా లోతుగా అర్థమవుతుంది. జీవితాంతం కళ్ళకి గంత కట్టుకున్న మనిషి. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో కురుక్షేత్రం చూసి, పక్కనున్న కృష్ణుడికి చెప్తుంది, చూడు కృష్ణా, చూడు మాధవా అని. ఎవర్ని చూపిస్తోంది? తన కొడుకుల్ని ఎలాగూ చూపిస్తుంది. అభిమన్యుణ్ణి కూడా చూపిస్తుంది, తన కొడుకుని చంపినవాళ్ళ కొడుకు. ఉత్తర వాడి కవచం విప్పి, నెత్తురంటిన జుట్టు ఒళ్ళో పెట్టుకుని, బతికున్నవాడితో మాట్లాడినట్టు అడుగుతోంది, మెత్తటి తోలు పరుపుల మీద పడుకునేవాడివి, నేల గుచ్చుకోవట్లేదా అని. మన కాపురం ఆర్నెల్లే రాసిపెట్టి ఉంది, ఏడో నెలలో వెళ్ళిపోయావు అని. లెక్క పెట్టుకుంది పాపం. పుట్టింటి ఆడవాళ్ళు ఆ పిల్లని పక్కకి లాగుతున్నారు, వాళ్ళకీ అదే నేల మీద విరాటుడి శవం ఉంది.

ఇంకో దృశ్యం చెప్తాను, పిల్లలుంటే కొంచెం... సరే. కొంతమంది ఆడవాళ్ళు దొరికిన తలని దొరికిన మొండేనికి కలిపి చూస్తున్నారు. కాసేపు అలా చూస్తూ కూర్చుని, అయ్యో ఇది ఆయనది కాదే అని మళ్ళీ వెతుకుతున్నారు. గాంధారి కూతురు దుశ్శల తన మొగుడు సైంధవుడి తల కోసం అటూ ఇటూ పరిగెడుతోంది. కీర్తి, శ్రవస్సు, అవన్నీ పేర్లకి సంబంధించినవి కదా, ఇక్కడ ఏ తల ఎవరిదో తెలియట్లేదు, ఇంక పేరేముంది? అయినా కవి ఆ ఆడవాళ్ళని వదిలి ముందుకెళ్ళలేదు.

గాంధారి చివరికి కృష్ణుణ్ణి శపించింది, నువ్వు ఆపగలిగి ఆపలేదు, ముప్పై ఆరో ఏట నీవాళ్ళూ ఇలాగే కొట్టుకుని పోతారు, మీ ఆడవాళ్ళూ ఇలాగే ఏడుస్తారు అని. ఏడుపు ఎక్కడ ఏడుపుగా ఆగుతుంది, ఎక్కడ శాపమవుతుంది అనేది కూడా ఆలోచించాలి. ఏథెన్స్‌లో సోలోన్ చట్టం చేసి అంత్యక్రియల్లో ఆడవాళ్ళ ఏడుపుకి హద్దులు పెట్టాడంటే ఊరికే పెట్టాడా? ఏడుపు వినేవాడికి కోపం వస్తుంది, కోపం వచ్చినవాడు కత్తి తీస్తాడు. అది వేరే ప్రసంగం అవుతుంది, టైము చూస్తున్నారు అక్కడ.

ఆఖరుగా ఒక్కటి చెప్పి దిగిపోతాను. అంతా అయ్యాక ధృతరాష్ట్రుడు ధర్మరాజుని అడుగుతాడు, ఎంతమంది పోయారు నాయనా అని. ధర్మరాజు దగ్గర లెక్క రెడీగా ఉంది. 166 కోట్ల 20 వేల మంది అన్నాడు. ఇవి కాక కనబడకుండా పోయినవాళ్ళు 24,165. మీలో లెక్కలవాళ్ళుంటే నవ్వుకుంటారు, 18 అక్షౌహిణులంటే రథాలూ ఏనుగులూ గుర్రాలూ కాలిబంట్లూ అన్నీ కలిపి లెక్కేసినా 39 లక్షల చిల్లరే వస్తుంది. కోట్లు పక్కన పెట్టండి, ఆ చివరి 165 చూడండి, అంత కచ్చితంగా చెప్పాలనుకున్నాడు. దిక్కులేని శవాల సంగతేంటని ముసలాయన అడిగితే విదురుణ్ణి, సంజయుణ్ణి, ధౌమ్యుణ్ణి పిలిచి, ఒక్కరు కూడా అనాథగా మిగలకూడదని చెప్పి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి పేరు తెలియకుండా పోయినవాళ్ళకి కూడా చితులు పేర్పించాడు.

ఆ తర్వాత అందరూ గంగ ఒడ్డుకెళ్ళారు. నగలు తీసేసి, పైబట్టలు తీసేసి, ఆడవాళ్ళు ఏడుస్తూ తమ తమ వాళ్ళకి నీళ్ళు వదులుతున్నారు. అప్పుడు కుంతి కొడుకుల దగ్గరికొచ్చి మెల్లిగా అంది, కర్ణుడికి కూడా వదలండి నాయనా, అతను మీ అన్న, నా కడుపున పుట్టాడు అని.

ధర్మరాజు పాములా బుసకొట్టాడు, నువ్వు దాచి మమ్మల్నందర్నీ చంపేశావు కదమ్మా అన్నాడు. అని, నీళ్ళు వదిలాడు. వదిలి, కర్ణుడి భార్యల్ని పిలిపించాడు. వాళ్ళొచ్చాక, వాళ్ళతో కలిసి అతనికి చెయ్యాల్సిన కర్మంతా చేశాడు.